రోజుకో గాడీ ఫోటో తీస్తే ఏం ఫాయిదా?



"పని నుంచి వచ్చి నాలుగు ముద్దలు తిని పడుకోవాల్సింది పోయి, ఫోన్ పట్టుకుని తుప్పు పట్టిన కార్ల వెంట తిరుగుతున్నాడు. దీనివల్ల ఏం ఫాయిదా? నువ్వైనా వాడికి సమ్‌ఝాయించరా!"

మా ఆపా ఫోన్ చేసి ఇలా మొరపెట్టుకుంది. వాడంటే ఆమె కొడుకు, నా భాంజా. ఇరవై మూడేళ్ళ కుర్రాడు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేసి బెజవాడలో ఒక సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తున్నాడు. సొంత కారు లేదు, పాత స్ప్లెండర్ ఒకటుంది. గాడీల షౌక్ మాత్రం బచ్‌పన్ నుంచీ ఉంది. వీధి చివర హారన్ వినపడితే లోపల కూర్చునే అది ఏ గాడీయో చెప్పేవాడు.

2024 జూలైలో ముహర్రం చాంద్ కనిపించిన మర్నాడు వాడొక నియ్యత్ చేసుకున్నాడు. హిజ్రీ సాల్ 1446 మొత్తం రోజుకొక గాడీ ఫోటో తీయాలి. ఒక్కటే. బాగా వచ్చినా రాకపోయినా ఆ రోజుకు అదే. నిన్నటి ఫోటో ఇవాళ పెట్టకూడదు. యజమాని ఇజాజత్ లేకుండా తీయకూడదు. నంబర్ ప్లేటు కనపడకూడదు. ఫోటో కింద తారీఖు, చోటు, ఆ గాడీ మీద పనిచేస్తున్న మనిషి పేరు రాయాలి. ఇవీ వాడు తనకు తాను పెట్టుకున్న షరతులు.

నిజం చెప్పాలంటే నేనూ మొదట ఆపా పార్టీయే. ఇరవై ఏళ్ళుగా అఖ్బార్ల కొలువులో ఉన్నవాణ్ణి. ఫోటో అంటే ఏదో జరగాలి, అప్పుడే తీయాలి అనే ఆదత్ నాది. ఏమీ జరగని రోజున, ఏ ఖాసియత్ లేని మారుతీ వ్యాన్‌ని ఎందుకు తీయాలి? "ఫిజూల్ పని రా, ఆ టైమ్‌లో ఏదైనా కోర్సు చదువుకో" అని వాడికి చెప్పాను కూడా. "సరే మామూ" అన్నాడు. మర్నాడు మళ్ళీ ఫోటో తీశాడు.

ఇప్పుడు నా రాయ్ మారింది. ఎందుకు మారిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మన ఇళ్ళలో ఇలాంటి షౌక్ ఉన్న పిల్లలు ఇంకా ఉంటారు. వాళ్ళ అమ్మీలూ మా ఆపాలాగే తల పట్టుకుని ఉంటారు.

ముందు మన ఆల్బమ్‌ల సంగతి చూద్దాం. మన ఖాందాన్ ఫోటోల్లో కారు ఎప్పుడు కనపడుతుంది? నికాహ్ రోజున పూలదండలు వేసుకుని కనపడుతుంది. కొన్నిచోట్ల ఆ కారే జహేజ్ అయి ఉంటుంది. దాని ముందు దూల్హా నిలబడి తీయించుకున్న ఫోటో పదేళ్ళు హాల్లో వేలాడుతుంది. ఆ కారు కోసం పెళ్ళికూతురి అబ్బా ఎక్కడ ఏం అమ్మాడో ఆ ఫోటోలో కనపడదు. కారంటే కొనడం, కొన్నాక చూపించడం. మన దగ్గర షౌక్ అంటే ఇంతే అయిపోయింది. దుబాయ్ నుంచి వచ్చిన తమ్ముడు షోరూమ్ ముందు తీసుకున్న సెల్ఫీ ఉంటుంది. సైలెన్సర్ మార్చి మొహల్లా అంతా మోగించే పిల్లల రీల్స్ ఉంటాయి. అదే గాడీని ముప్ఫై ఏళ్ళు నడిచేలా చేసిన హాథ్‌ల ఫోటో ఒక్కటి చూపించండి చూద్దాం. నా దగ్గరైతే లేదు.

నేను అడుగుతున్నది ఊరికే కాదు. మా అబ్బా బెజవాడ ఆటోనగర్‌లో డెంటింగ్ మేస్త్రీ.

ఆటోనగర్ తెలియనివాళ్ళకు రెండు మాటలు. లారీ బాడీలు కట్టేవాళ్ళు, కమాన్ కట్టలు సరిచేసేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, సీట్లు కుట్టేవాళ్ళు, రేకు కొట్టేవాళ్ళు, రంగు వేసేవాళ్ళు, అంతా వేల షెడ్లతో ఒక పెద్ద ఊరు. ఆసియాలోనే ఇంతటిది లేదని మా బెజవాడ వాళ్ళు ఫఖర్‌గా చెప్పుకుంటారు. ఆ షెడ్లలో మన బిరాదరీ మనుషులు తరతరాలుగా ఉన్నారు. బడికి వెళ్ళని పిల్లవాడు పానాలు అందించడంతో షాగిర్ద్‌గా మొదలై, పదేళ్ళకు ఉస్తాద్ అవుతాడు. సర్టిఫికెట్ ఉండదు. ఉస్తాద్ ఒకరోజు సుత్తి చేతికిచ్చి "ఇక నువ్వు కొట్టు" అంటాడు. అదే వాడి సనద్.

అబ్బా హునర్ అంబాసిడర్ మీద చూడాలి. ఆ గాడీ 1950ల చివరి నుంచి 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. మందపాటి రేకు. గుద్దుకుంటే లోపలికి పోయేది కానీ చిరిగేది కాదు. సొట్ట వెనక ఒక చేత్తో డాలీ అదిమి పట్టి, ముందునుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. గట్టిగా కొడితే రేకు సాగిపోతుంది. సాగితే గ్యాస్ మంటతో ఒక చుక్క ఎర్రగా కాల్చి, తడి గుడ్డ అద్ది మళ్ళీ బిగించాలి. చివరికి కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమేవాడు. "కళ్ళు ధోకా ఇస్తాయి, అరచేయి ఇవ్వదు" అనేవాడు. అలా సాపు చేసిన మడ్‌గార్డుకు పెద్దగా లప్పం పూయాల్సిన పనుండేది కాదు.

ఇప్పుడు ఆ పని తగ్గిపోతోంది. కొత్త కార్ల రేకు పల్చన. లోపలి చట్రానికి వాడే ఉక్కు కొట్టి సరిచేసే రకం కాదు. బంపర్లు ప్లాస్టిక్. సొట్ట పడితే పార్ట్ మార్చేస్తారు. ఇన్సూరెన్స్ క్యాష్‌లెస్ కావాలంటే కంపెనీ ఒప్పుకున్న వర్క్‌షాప్‌కే వెళ్ళాలి. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలంటే 600 రూపాయలుండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. గాడీ పాతబడితే స్క్రాప్‌కి ఇవ్వమంటున్నారు. పొగ తగ్గాలి, రోడ్డు మీద జనం జాన్ దక్కాలి, కాదనను. కానీ పాత గాడీతో పాటు దాన్ని బతికించే హునర్ కూడా స్క్రాప్‌లోకి పోతోంది. దాని గురించి ఎవరూ ఒక ముక్క రాసిపెట్టడం లేదు.

తస్వీరులు ఎవరివి మిగిలాయో చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషాకు రాజా దీన్‌దయాళ్ వంటి ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. ఆ దర్బార్, ఆ నవాబులు, ఆ షికార్ అంతా ఇప్పటికీ చూడొచ్చు. ఆయన ఆర్డరిచ్చి, ఆయన ఇంతెకాల్ తర్వాత కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో చేరిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఇవాళ్టికీ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో మెరుస్తోంది. జనం దాని ముందు ఫోటోలు దిగుతారు. దాన్ని ఏళ్ళ తరబడి తుడిచిన మనిషి, దాని ఇంజన్ విప్పి బిగించిన మనిషి, వాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు? పెద్దవాళ్ళ సామాన్‌కి కూడా తారీఖ్ ఉంటుంది. గరీబ్ మనిషికి ఆధార్ కార్డు మీద ఫోటో ఉంటుంది.

మా పేషాలోనూ అంతే. అఖ్బార్లలో ముసల్మాన్ ఫోటో ఎప్పుడు వస్తుంది? రంజాన్‌లో హలీమ్ గిన్నె దగ్గర, ఈద్ నాడు ఈద్గాలో బారులు తీరి, లేదంటే పోలీసుల మధ్య మొహం కప్పుకుని. మామూలు మంగళవారం నాడు షెడ్డులో జాకీ పెడుతూ ఎప్పుడూ రాడు. ఇరవై ఏళ్ళు ఆ పేజీలు దిద్దినవాణ్ణి, ఈ ఇల్జామ్‌లో నాకూ హిస్సా ఉంది. రోజ్‌మర్రా జిందగీ ఖబర్ కాదు కాబట్టి దాన్ని ఎవరూ తీయరు. దాన్ని మనమే తీసుకోవాలి.

రోజుకొక ఫోటో అనేది దునియాలో కొత్త విషయమేమీ కాదు. న్యూయార్క్‌లో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31న మొదలుపెట్టి, 1997 అక్టోబర్ 25న క్యాన్సర్‌తో చనిపోయేదాకా రోజుకొక పోలరాయిడ్ తీశాడు. ఆ చివరి రోజు ఆయన 41వ పుట్టినరోజు. ఆరు వేలకు పైగా ఫోటోలు. చాలావాటిలో దోస్తులు, భోజనాల బల్ల, కిటికీ, వీధి ఉంటాయి. అదే ఊళ్ళో లాంగ్డన్ క్లే అనే ఆయన 1974 నుంచి 1976 దాకా రాత్రిళ్ళు వీధుల్లో నిలబెట్టిన కార్లను తీశాడు. సొట్టలు పడ్డవీ, రంగు పోయినవీ అన్నీ ఉన్నాయి. నలభై ఏళ్ళ తర్వాత అవి పుస్తకంగా వచ్చాయి. అప్పటి ఆ ఊరు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇప్పుడు వాటిని చూస్తున్నారు. తీసిన రోజున ఎవరో ఒకరు ఆయన్నీ "ఏం ఫాయిదా" అని అడిగే ఉంటారు.

సరే, మళ్ళీ మా భాంజా దగ్గరికి వస్తాను.

31వ రోజున వాడికి గాడీ ఏదీ నచ్చలేదట. ఇంటికొచ్చి మంచం కింద ఉన్న నానా పెట్టె తీశాడు. వాళ్ళ నానా, అంటే మా అబ్బా, 2009లో ఇంతెకాల్ అయ్యాడు. ఆయన సుత్తి, డాలీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. వాటిని బయట నిలబెట్టిన ఒక పాత ఫియట్ బానెట్ మీద పెట్టి ఫోటో తీశాడు. సుత్తి పిడి మధ్యలో అరిగి పల్చబడి ఉంది, అబ్బా బొటనవేలు ఉండే చోట.

56వ రోజు 2024 సెప్టెంబర్ 1. బుడమేరు పొంగింది. మా ఆపా ఇల్లు సింగ్‌నగర్‌లో. తర్వాత ఆ వరద గురించి మీరంతా టీవీల్లో చూశారు. కింద ఇంట్లోకి నీళ్ళొస్తుంటే మా అమ్మీని చేతుల మీద డాబా ఎక్కించారు. ఆ రోజు కూడా వాడు ఫోటో తీశాడు. డాబా మీంచి చూస్తే బురద నీళ్ళలో ఒక తెల్ల స్విఫ్ట్ పైకప్పు మాత్రం, దాని మీద ఒక పిల్లి. ఆ తర్వాతి రోజుల్లో డ్రోన్లతో తిండి పొట్లాలు వేస్తుంటే కూడా, ఫోన్ ఛార్జింగ్ చూసుకుంటూ రోజుకొకటి తీశాడు. నీళ్ళు తీశాక తలుపుల మీద, అద్దాల మీద బురద గీత తారీఖుతో సహా ఉంది. ఒక టాక్సీ భాయ్ తన క్లెయిమ్ కాగితాలకు ఆ ఫోటో జతచేసుకున్నాడు.

ఒక ఫోటో కింద వాడు పెద్ద అక్షరాలతో రాశాడు: "సెల్ఫ్ కొట్టొద్దు." ఎందుకో అడిగితే చెప్పాడు. సిలిండర్‌లోకి నీళ్ళు పోయి ఉంటే, గాలిని నొక్కినట్టు నీళ్ళను పిస్టన్ నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా మునిగిన కారు కాస్తా ఇంజన్ పోయిన కారు అవుతుంది. స్టార్ట్ చేసినందుకే పోయింది కాబట్టి మామూలు పాలసీలో దానికి డబ్బు ఇవ్వరు, విడిగా ఇంజన్ కవర్ ఉంటే తప్ప. ఆ ఫోటో మొహల్లా గ్రూపుల్లో తిరిగి, నలుగురు తాళం తిప్పకుండా ఆగారు. ఆపా అడిగిన ఫాయిదా అదే అనుకుంటే, అదొక్కటే చాలు.

కానీ నా రాయ్ మార్చింది అది కాదు.

వరదలో ఆపా ఇంట్లో ఇనప బీరువా నిండా నీళ్ళు. ఆల్బమ్‌లు ముద్దయిపోయాయి. పేజీ విప్పితే రంగు చేతికి వచ్చేది. అందులో అబ్బా షెడ్డు దగ్గర నిలబడి ఉన్న ఫోటో ఒకటుండేది. ఎవరో లారీ ఓనర్ బాడీ కట్టించుకుని ఖుషీ అయి తీయించాడు. మా అబ్బా పని చోట ఉన్న ఫోటో అదొక్కటే. నెగటివ్ లేదు, కాపీ లేదు. నలభై ఏళ్ళ మెహనత్‌కు మిగిలిన ఒక్క గవాహీ అది. కొడుకు జర్నలిస్టు. దాన్ని ఫోన్‌తో ఒక్కసారి కాపీ తీసుకోవాలని పదిహేనేళ్ళలో నాకు తోచలేదు.

పెట్టె కూడా నీళ్ళలోనే ఉంది. సుత్తి దొరికింది, పిడి ఉబ్బి చీలిపోయింది. బొటనవేలి గుంట ఇప్పుడు 31వ రోజు ఫోటోలో మాత్రమే ఉంది.

ఇక ఏతరాజ్‌ల సంగతి. తస్వీర్ విషయంలో మన ఉలమాల మధ్య ఇఖ్తెలాఫ్ ఉంది. జాందార్ బొమ్మల గురించి ఎహతియాత్ పాటించే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. మా ఇల్లు కూడా అలాంటిదే. ఫ్రేమ్ ఉన్న గదిలో మా అమ్మీ నమాజ్ చదవదు. నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాదు, మీ ఆలిమ్‌ని మీరు అడగండి. మా భాంజా దీనికి తనదైన దారి వెతుక్కున్నాడు. మొహాలు తీయడు. గాడీ, పనిముట్టు, పనిచేసే చేతులు, అంతే. పేరు మాత్రం కింద రాస్తాడు.

రెండోది రియా. లైక్‌ల కోసం, దిఖావా కోసం చేస్తున్నాడా? ఈ డర్ నాకూ ఉండేది. కానీ దిఖావా చేసేవాడు నచ్చిన రోజు పది తీస్తాడు, నచ్చని రోజు మానేస్తాడు. ఏమీ లేని రోజున, జ్వరం వచ్చిన రోజున కూడా ఒక్కటే తీయడానికి సబ్ర్ కావాలి. కొంచెమైనా సరే ఆపకుండా చేసే అమల్ గొప్పదని జుమా బయానుల్లో మనం ఎన్నిసార్లు వినలేదు? ఫోటో తీయడం ఇబాదత్ అని నేననడం లేదు. ఆ పాబందీ పిల్లలకు ఒక తర్బియత్ అంటున్నాను.

మూడోదే కష్టమైనది. ఒక సాయంత్రం, ఓ కాలనీ గేటు దగ్గర పాత కాంటెస్సా కనపడితే ఓనర్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. కాపలావాళ్ళు వచ్చి ఏం చేస్తున్నావన్నారు. చెప్పాడు. పేరడిగారు. పేరు విన్నాక గొంతు మారింది. ఫోన్ లాక్కుని గ్యాలరీ అంతా తిప్పారు. వందల కొద్దీ బానెట్లు, తుప్పు మరకలు, చేతులు. చివరికి ఓనర్ వచ్చి, నవ్వి, కారు తలుపు తీసి మరీ చూపించాడట. ఆ రోజు ఫోటో ఉంది. కింద మామూలుగానే తారీఖు, చోటు రాశాడు. జరిగింది రాయలేదు. నాకు కూడా నెల తర్వాత చెప్పాడు.

ఆపా ఇది విని "ఇందుకే వద్దన్నాను" అంది. అమ్మ కాబట్టి ఆమె డర్ నాకు అర్థమవుతుంది. కానీ నేను వాడికి మానేయమని చెప్పలేకపోయాను. ఎప్పుడూ వేరేవాళ్ళ కెమెరాలోనే ఉండి, మన చేతిలో కెమెరా ఉంటే మాత్రం షక్ పడే హాలత్ ఇది. మానేస్తే ఇంకా ముదురుతుంది కానీ పోదు. ఐడీ కార్డు జేబులో పెట్టుకో, ముందు ఇజాజత్ తీసుకో, చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్ళకు అని మాత్రం చెప్పాను.

ఒక్క విషయంలో వాడికీ నాకూ ఇంకా తకరార్ ఉంది. ఒప్పుకున్న ఉస్తాద్‌ల మొహాలు తీయాలి అంటాను నేను. అబ్బా మొహం పోగొట్టుకున్నవాణ్ణి, అందుకే అంటున్నాను. "చేతులు చూస్తే మనిషి తెలుస్తాడు మామూ" అంటాడు వాడు. నాకు చాలదు. యాభై ఏళ్ళు సుత్తి పట్టిన మనిషికి తన నవాసా నవాసీలు చూసుకోవడానికి ఒక మొహం ఉండాలి. గోడకు వేలాడదీయక్కర్లేదు, కవర్లో పెట్టి దాచుకోవచ్చు.

2025 జూన్‌లో మళ్ళీ ముహర్రం చాంద్ కనిపించేనాటికి 354 ఫోటోలయ్యాయి. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకచోట కాపీ. ముప్ఫై మాత్రం ప్రింట్ తీయించాడు. రంజాన్‌లో తీసిందొకటి ఉంది. షెడ్డులో ఓమ్నీ బానెట్ మీద అఖ్బార్ పరిచి ఖజూర్, అరటిపండు ముక్కలు, సమోసాలు, చుట్టూ గ్రీజు కడుక్కున్న ఏడు జతల చేతులు. అజాన్ కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ ఏడు పేర్లూ కింద ఉన్నాయి. అందులో రెండు మన వాళ్ళవి కావు. రోజూ అక్కడే తింటారట. ఇలాంటి ఫోటో నా ఇరవై ఏళ్ళ నౌకరీలో నేను ఒక్కసారి కూడా అచ్చు వేయించలేదు.

ప్రింట్లు చూపిస్తుంటే మా అమ్మీ ఒక్కటి తీసి పక్కన పెట్టుకుంది. సుత్తి ఫోటో. "ఇది జాందార్ కాదు కదా" అంది. ఇప్పుడు ఆమె తస్బీహ్ పెట్టుకునే డబ్బాలో ఉంది.

మీకు ఒక గుజారిష్. మీ ఖాందాన్‌లో మెకానిక్ చాచా, టైలర్ మామూ, వెల్డింగ్ చేసే ఫుప్పా ఎవరో ఒకరు ఉంటారు. ఈ జుమా నమాజ్ అయ్యాక వాళ్ళ దుకాణానికి వెళ్ళండి. ఇజాజత్ అడిగి ఒక్క ఫోటో తీయండి. తారీఖు, పేరు రాయండి. ఫోన్‌లో వదిలేయకుండా ప్రింట్ తీయించి, ఒకటి వాళ్ళకివ్వండి. ఇంట్లో పాత ఫోటో ఏదైనా ఉంటే ఇవాళే కాపీ తీసుకోండి. నాలాగా పదిహేనేళ్ళు ఆగకండి.

ఇంట్లో గాడీల పిచ్చోడు ఉంటే, ఏం ఫాయిదా అని అడిగేముందు వాడు తీసిన వంద ఫోటోలు కూర్చుని చూడండి. మా ఆపా ఇప్పుడు అడగడం మానేసింది. 1447 మొదటి రోజున తొందరగా బయల్దేరుతుంటే "ఛార్జర్ పెట్టుకున్నావా?" అని మాత్రం అడిగిందట.

ఖుదా హాఫిజ్.